రెండో మోత కాజిమీర్

కాజిమీర్ దెల్‌బ్రెయ్ డెబ్భై తొమ్మిదేళ్ళ జీవితంలో ఏ ఒక్క పనికీ వేళకి రాలేదు. అయినా ఎన్నడూ ఆలస్యం కాలేదు. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కావడం మా పెష్‌మిరోల్‌లో తప్ప కుదరదు. మా చర్చి గడియారం ప్రతి గంటనూ రెండుసార్లు కొడుతుంది. పన్నెండయితే పన్నెండు దెబ్బలు కొట్టి, రెండు నిమిషాలు ఊపిరి పీల్చుకుని, మళ్ళీ పన్నెండు కొడుతుంది. పొలంలో ఉన్నవాడు లెక్క తప్పితే మళ్ళీ లెక్కపెట్టుకుంటాడని పెద్దలు చేసిన ఏర్పాటు అది. పెద్దల ఉద్దేశం మంచిదే. దాన్ని మా ఊరివాళ్ళు చట్టం చేసేశారు. రెండో మోత ముగిసేదాకా ఎవరూ ఆలస్యమైనట్టు కాదు. బేకరీ తలుపు రెండో మోతకి మూస్తారు. ఆదివారం పూజ రెండో మోతకి మొదలవుతుంది. మధ్యాహ్నం భోజనాల మీదనుంచి రెండింటి రెండో మోతకి లేస్తారు. మొదటి మోత నాబోటివాళ్ళకి, రెండోది కాజిమీర్‌కి.

ఇవన్నీ రాయడానికి ఈవిడెవరని ఈమధ్య వచ్చి స్థిరపడినవాళ్ళు అడగవచ్చు. నా పేరు సిదోనీ కాల్‌మెత్. చదువు ఈ ఊరి బడిలోనే. సర్టిఫికెట్ పరీక్షలో చుట్టుపక్కల బడులన్నిటికీ మొదటిదాన్ని. వరుసగా మూడుసార్లు మేయర్‌ని. చర్చి వెనక సందర్శకులకి మరుగుదొడ్లు కట్టించింది నేను. కరెంటు తీగల్ని భూమిలో పూడ్పించింది నేను. కోట బొమ్మ ఉన్న గోధుమరంగు బోర్డు పెద్దరోడ్డు మీద పెట్టించింది కూడా నేనే. ఆ బోర్డు లేనప్పుడు కార్లన్నీ మమ్మల్ని దాటిపోయి పక్క ఊళ్ళో ఆగేవి. అక్కడ చూడటానికి ఒక ధాన్యం గోదాము ఉంది. పూలకుండీల పోటీలో మా ఊరికి జిల్లా రెండో బహుమతి తెచ్చాను. మొదటిది ఎవరికి వచ్చిందో, ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. రాయను.

పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. కాజిమీర్ గురించి మంచి మాత్రమే రాయాలంటే పోస్టుకార్డు చాలు. అందుకని ఉన్నది రాస్తున్నాను.

అతని తల్లికి పన్నెండింటికల్లా కాన్పవుతుందని మంత్రసాని చెప్పిందట. మొదటి మోత అయింది. పిల్లవాడి జాడ లేదు. "ఇది మొండిఘటంలే" అని ఆవిడ సూప్ గిన్నె ముందు కూచుంది. గరిట ముంచిందో లేదో పుట్టాడు. రెండో మోత ఇంకా పడలేదు కాబట్టి చెప్పిన వేళకే పుట్టాడని ఊరు తీర్మానించింది. అలవాటు అక్కడ మొదలైంది.

బడికి నేను గంట కొట్టకముందే వెళ్ళి మొదటి బల్ల మీద కూచునేదాన్ని. ఎనిమిదింటి మొదటి మోతకి మిగతా పిల్లలు వచ్చేవారు. గేటు మూయడానికి మాస్టారు చెయ్యి వేశాక, ఆ చేతి కిందనుంచి కాజిమీర్ దూరేవాడు.

"మళ్ళీ నువ్వేనా దెల్‌బ్రెయ్?"

"ఇంకా మోగలేదు సార్."

"మోగింది. నేను విన్నాను."

"అది సిదోనీకి మోగింది సార్. నాది ఇప్పుడు మోగుద్ది."

మాస్టారు నవ్వు ఆపుకోవడానికి మీసం సర్దుకునేవారు. వేళకి వచ్చినందుకు నన్ను చూసి ఎవరూ మీసం సర్దుకోలేదు.

పెళ్ళినాడూ ఇదే వరస. పెళ్ళికూతురు క్లోతిల్ద్ వాళ్ళది గంట ఒక్కసారే కొట్టే ఊరు. మొదటి మోత ముగిసినా పెళ్ళికొడుకు కనబడకపోయేసరికి ఆమె తండ్రి కూతురి మోచెయ్యి పట్టుకుని చర్చి మెట్లు దిగడం మొదలుపెట్టాడు. మావాళ్ళెవరూ కదల్లేదు. వీళ్ళు పెళ్ళికి వచ్చారా, రాళ్ళు చూడటానికి వచ్చారా అని ఆయనకి అనుమానం వచ్చింది. టై చేత్తో పట్టుకుని, మూతికంటిన బాతుకొవ్వు తుడుచుకుంటూ కాజిమీర్ ఎత్తు ఎక్కి వచ్చాడు. ఆఖరి దెబ్బకి గడప దాటాడు. "ఆ రెండు నిమిషాల్లో నాకు బుద్ధి వచ్చి ఉండాల్సింది సిదోనీ" అని క్లోతిల్ద్ తర్వాత నాతో అంది. రాలేదు. పోయేదాకా నలభై ఏళ్ళు అతనితోనే ఉంది, అతని చొక్కాలకి బొత్తాలు కుడుతూనే ఉంది.

గడియారం చూసే ఉద్యోగం కూడా అలాగే తగిలింది. ముసలి గడియారపాయన పోయాక, ఆసక్తి ఉన్నవాళ్ళు అయిదింటిలోగా మేయర్ కార్యాలయానికి రావాలని దండోరా వేశారు. పని తెలిసిన కమ్మరి కొడుకు నాలుగింటికే వచ్చి, మెట్లెన్ని, జీతమెంత, చలికాలం కట్టెలిస్తారా అని వరసగా అడిగాడు. కాజిమీర్ అయిదింటి రెండో మోతలో వచ్చాడు. అడగడానికి వ్యవధి లేక ఏమీ అడగలేదు. ఏమీ అడగని మనిషి దొరికాడని అప్పటి మేయర్ మురిసిపోయాడు. వేళకి రాని మనిషి చేతిలో మా ఊరు వేళను పెట్టింది. ఇలాంటి నిర్ణయాలు జరిగాయి కనకనే తర్వాత నేను ఎన్నికల్లో నిలబడవలసి వచ్చింది.

గడియారంతో పాటు చర్చి తాళంచెవి కూడా అతనికే వచ్చింది. మోచేతి పొడవు ఇనుప తాళంచెవి. చర్చి చూడాలని వచ్చినవాళ్ళు అతని తలుపు తట్టాలి. చేతిలో పటం పట్టుకుని, మెడలో కెమెరా వేసుకుని, ఒక్కరోజులో మూడు కోటలూ నాలుగు చర్చిలూ మింగేయాలని బయల్దేరినవాళ్ళని కాజిమీర్ ముందు కాసేపు కూచోబెట్టేవాడు. తర్వాత తాళం తీసేవాడు.

"ఈ చర్చి ఏ శతాబ్దంలో కట్టారండీ?"

కాజిమీర్ వాళ్ళ కాళ్ళ వంక చూసేవాడు. బూట్లు గట్టివైతే పన్నెండో శతాబ్దం. చెప్పులైతే పదిహేనో శతాబ్దం. ఎత్తుమడమల జోళ్ళయితే ఎడమవైపు గోడ మాత్రమే పాతదని చెప్పి పది నిమిషాల్లో పంపించేవాడు.

లోపల స్తంభం మీద నోరు తెరిచిన ఒక రాతి మొహం ఉంది. పట్నంవాళ్ళకి అది పన్నులు వసూలు చేసి చచ్చిన అధికారి మొహం. ఫాదర్లతో వచ్చిన గుంపుకి పశ్చాత్తాపపడే పాపి. బడిపిల్లలకి తన ముత్తాత, పన్నునొప్పితో ఉన్నప్పటిది. నేను ఒకసారి పట్టుకున్నాను.

"ఎందుకయ్యా ఆ అబద్ధాలు? నాలుగు నిజాలు నేర్చుకోవచ్చుగా."

"నిజం ఒక్కటే ఉంటది సిదోనీ. వచ్చేవాళ్ళు రకరకాలుగా ఉంటారు. ఒక్కటి ఎంతమందికని సరిపెట్టను?"

ఇలా నడుస్తుండగా, ఫ్రాంకులు పోయి యూరోలు వచ్చిన ఏడాది, మా కోటని దువిలార్ అనే పారిస్ ఆయన కొన్నాడు. అప్పటిదాకా దాన్ని కాకులూ, ఒకరితో ఒకరు మాట్లాడని అన్నదమ్ములూ పంచుకుని ఉన్నారు. దువిలార్ స్నానాలగదుల టైల్స్ అమ్మి సంపాదించిన మనిషి. కోట గదులు బాగుచేసి, తెరల మంచాలు వేయించి, అతిథుల్ని దించాడు. తాను ఇచ్చేది గది కాదు, నిశ్శబ్దం అనేవాడు. రేటు చూస్తే నిశ్శబ్దం పారిస్‌లో కూడా అంత ఖరీదు ఉండదనిపించేది. మంచి మనిషే. మర్యాదగా మాట్లాడతాడు. జూలైలో కార్యాలయంలో నా గదికి వచ్చాడు.

"మేయర్ గారూ, ఏడింటికి ఏడు కొడుతుంది, సరే. రెండు నిమిషాలకి మళ్ళీ ఏడెందుకు? ఎవరికైనా నమ్మకం కుదర్లేదా?"

"మా ఊళ్ళో కొందరికి కుదరదు."

"మా అతిథులు చర్చి చూడటానికి వస్తారండీ. వినడానికి కాదు."

"వినడం ఉచితమేగా. దానికి మీరు డబ్బు తీసుకోనక్కర్లేదు."

"ఒక్కటి తీసేయండి. సగం చాలు. ఈ రోజుల్లో అందరి చేతికీ వాచీ ఉంది."

మాట తర్కంగానే ఉంది. తర్కంగా ఉన్న మాటే ఊళ్ళని ఎక్కువ పాడుచేస్తుందని నా అనుభవం. జూలై ఆఖర్లో కౌన్సిల్‌లో పెట్టాను. కప్పులు వేసే బర్నబె కౌన్సిలర్. కోట బురుజు మీద రాతిపలకల కప్పు వేసేది అతని మనుషులే. పైపులు వేసేవాడూ, కరెంటు పనివాడూ కౌన్సిలర్లే. వాళ్ళ పనీ కోటలోనే. అందరికీ ఆ నెలలోనే నిశ్శబ్దం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. నేను వ్యతిరేకంగా చెయ్యెత్తాను. నా మేయర్ జీవితంలో ఓడిపోయిన ఓటు అదొక్కటి.

విషయం చెప్పడానికి కాజిమీర్‌ని పిలిపించాం. ఆరింటి రెండు మోతల మధ్య వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"రెండోది పీకేస్తే మీరేం చేస్తారో నాకు తెలీదు. నేను మాత్రం పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆలస్యం అవుతాను" అన్నాడు.

అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. అది చూసింది నేనొక్కదాన్నే, ఎందుకంటే ఆ బల్ల దగ్గర అతనితో పాటు చదువుకున్నది నేనొక్కదాన్నే.

మర్నాడు గడియారం గదిలోకి ఎక్కి చూశాను. రెండోసారి పడే సుత్తిని గోనెపట్టాతో కట్టేసి, దాని పక్కన కూచుని ఉన్నాడు.

"డెబ్భైకి దగ్గరపడ్డాక మనిషికి వేళకి రావడం నేర్పుతారటే సిదోనీ?"

"నేర్చుకో. నేను ఆరేళ్ళకే నేర్చుకున్నాను."

"ఏం ఒరిగింది? అందరికంటే ముందొచ్చి, జీవితమంతా అందరికోసం కాచుకు కూచున్నావు."

పూలకుండీలకి నీళ్ళు పోసే వేళయిందని దిగి వచ్చేశాను.

ఆ ఆదివారం కాజిమీర్ వచ్చేసరికి లోపల పూజ మొదలై, చర్చి తలుపులు మూసి ఉన్నాయి. ఆ తలుపుల తాళంచెవి ఒకటి అతని చేతిలోనే ఉంది. అయినా తట్టలేదు, తియ్యలేదు. వెనక్కి తిరిగి ఇంటికి పోయాడు. బేకరీకి వెళితే తలుపు మూసి ఉంది. కెఫేలో పేకాటకి వెళితే అతని కుర్చీలో ఇంకెవరో ఉన్నారు. ఆగస్టు సగానికి కాజిమీర్ బయటికి రావడం మానేశాడు. ఇంట్లోనే ఉన్న మనిషి దేనికీ ఆలస్యం కాడు గదా. సందర్శకులు తలుపు తడితే, తాళంచెవి కిటికీలోంచి ఇచ్చేవాడు. శతాబ్దం అడిగితే "మీ ఇష్టం" అనేవాడు. నాకు భయం వేసింది. కాజిమీర్ అబద్ధం చెప్పడం మానేశాడంటే ఎక్కువ రోజులు ఉండడని అనిపించింది.

కోటలో దువిలార్ మాత్రం ఆగస్టంతా హాయిగా నిద్రపోయాడు. ఆగస్టులో బర్నబె మనుషులకి సెలవులు కాబట్టి బురుజు మీద సగం పలకలు పీకేసి, పట్టా కప్పేసి వెళ్ళిపోయారు. సెప్టెంబరులో దేశమంతటా కోటలూ చర్చిలూ జనానికి తలుపులు తీసే రెండు రోజులుంటాయి. ఆ రోజులకి దువిలార్ పెద్దమనుషులందర్నీ పిలిచాడు. బురుజు లోపలి కప్పు దూలాల మీద పాతకాలపు రంగుల బొమ్మలున్నాయి. దేవదూతలూ, కుందేళ్ళూ. వాటిని చూపించడానికే ఈ ఆర్భాటమంతా.

సెప్టెంబరు మొదటి సోమవారం బర్నబె మనుషులు తిరిగొచ్చారు. పొద్దున్నే పట్టా తీసి పని మొదలుపెట్టారు. పన్నెండింటికి దిగి, కోట ఆవరణలో అక్రోటు చెట్టు కింద బల్ల వేసుకుని భోజనానికి కూచున్నారు. రెండింటికి గంట రెండు కొట్టింది. ఎవరూ లేవలేదు. రెండో మోత కోసం కూచున్నారు. అది రాలేదు. జున్ను ముక్క కోసుకున్నారు. మూడు కొట్టింది. ఇంకో సీసా తీశారు. పడమట నుంచి నల్లటి మబ్బు లేచింది.

దువిలార్ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. నేను వెళ్ళాను.

"ఏమయ్యా బర్నబె, వర్షం కనబడటంలా?"

"కనబడుతోంది మేయరమ్మా. భోజనం మాత్రం అవలేదు. రెండింటిది పూర్తిగా కొట్టలేదుగా."

"మూడు కొట్టింది" అన్నాడు దువిలార్.

"రెండే పూర్తికాకుండా మూడెట్టా అవుద్ది బాబుగారూ? గడియారం ఏదో పొరబాటు పడింది."

"ఆ మోత వద్దని ఓటు వేసింది నువ్వే కదా" అన్నాను.

"ఓటేసింది చెయ్యి. లేవాల్సింది కాళ్ళు. వాటినెవరూ అడగలేదు."

బల్ల చివరనుంచి ఎవరో "మా నాన్న కాళ్ళు కూడా అట్టాంటియ్యే" అన్నారు. బర్నబె వేళాకోళం ఆడుతున్నాడా, నిజంగానే లేవలేకపోతున్నాడా అని మీరు అడుగుతారు. ఈ ఊళ్ళో పుట్టినదాన్ని చెబుతున్నాను, బర్నబెకి కూడా తెలియదు. ముప్ఫై ఏళ్ళుగా ఆ మోతకి మడిచిన కత్తి అతని చేతిలో తెరిచే ఉంది.

"మేయర్ గారూ, ఆజ్ఞ వేయండి" అన్నాడు దువిలార్.

"మేయర్ అధికారం రోడ్ల మీద ఉంటుందండీ. సూప్ మీద ఉండదు."

ఆయన కాజిమీర్ ఇంటికి పరుగెత్తాడు. నేను నా నడకలో వెనకే వెళ్ళాను. కాజిమీర్ బల్ల దగ్గరే ఉన్నాడు. కంచంలో మిగిలిన సూప్‌లో, మావైపు అలవాటు ప్రకారం, ఎర్ర ద్రాక్షసారా పోసుకుని, కంచం రెండు చేతులా ఎత్తి తాగుతున్నాడు.

"కాజిమీర్ గారూ, ఆ రెండో మోత కొట్టాలి."

"మీరేగా వద్దంది దొరగారూ."

"ఇప్పుడు కావాలి. దేవదూతలు తడిసిపోతారు."

"భోజనంలో ఉన్నాను."

"మూడు దాటింది కదండీ."

"దాటి ఉంటది. రెండింటిది మోగేదాకా నేనూ లేవకూడదు. మీ పనివాళ్ళకో న్యాయం, నాకో న్యాయమా?" కంచం దించి మూతి తుడుచుకున్నాడు. "తాళంచెవి ఆ మేకుకుంది. పైకెక్కి తాడు లాగండి. రెండే దెబ్బలు. ఎక్కువ కొట్టారంటే ఎవరో పోయారనుకుని అంతా నల్లబట్టలేసుకుని బయల్దేరతారు."

దువిలార్ నా వంక చూశాడు. నేను మబ్బు వంక చూశాను. తాళంచెవి తీసుకుని పరుగెత్తాడు.

తెల్లని లినెన్ బట్టలతో ఆ మెట్లెక్కిన మొదటి మనిషి ఆయనే అయ్యుంటాడు. మొదటిసారి తాడు లాగితే పావురాలు లేచాయి, చప్పుడు లేవలేదు. మళ్ళీ లాగితే గంట మోగింది. ఆ ఊపుకి తాడు ఆయన్ని కూడా పైకి లాక్కుపోయిందట. కిందికి దిగాక ఇంకొకటి కొట్టాడు. రెండు.

చెట్టు కింద బర్నబె కత్తి మడిచి జేబులో వేసుకున్నాడు. అతని వెనక మిగతా కత్తులన్నీ మడుచుకున్నాయి. పెద్ద చినుకులు మొదలయ్యేసరికి బురుజు మీద పట్టా ఉంది. ఒక కుందేలు చెవి మాత్రం తడిసింది.

కాజిమీర్ కూడా కత్తి మడిచి, టోపీ పెట్టుకుని, దాదాపు మూడు వారాల తర్వాత మొదటిసారి గడప దాటి గంట గోపురానికి నడిచాడు. వానలోనే. తీరిగ్గానే. వాళ్ళిద్దరూ పైన ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఏడాదికి ఒక్కసారి కంటే నా మోకాళ్ళు అన్ని మెట్లు ఒప్పుకోవు. దిగి వచ్చినప్పుడు దువిలార్ ముక్కు గ్రీజుతో నల్లగా ఉంది. గోనెపట్టా కాజిమీర్ చేతిలో ఉంది.

రెండో మోత మళ్ళీ పెట్టమని కౌన్సిల్‌ని అడిగింది దువిలారే. అందరికంటే ముందు లేచిన చెయ్యి బర్నబెది. నేను ఓడిపోయిన ఓటును లెక్కలో వేసుకోనక్కర్లేదని అప్పటి నుంచీ అంటున్నాను. ఇప్పుడు కోట అతిథులకిచ్చే కాగితంలో, గంట రెండుసార్లు కొట్టే అరుదైన ఊరు అని అచ్చువేశారు. నిశ్శబ్దం అమ్మినాయన మోత అమ్ముతున్నాడు. రేటు తగ్గలేదు.

ఆ తర్వాత కాజిమీర్ పదకొండేళ్ళు బతికాడు. మళ్ళీ బూట్లు చూసి శతాబ్దాలు పంచాడు. వారానికోసారి గడియారానికి కీ ఇవ్వడం దువిలార్‌కి నేర్పాడు. చెప్పిన వేళకి దువిలార్ మెట్ల దగ్గర నిలబడి ఉండేవాడు. గురువుగారు రెండు మోతల మధ్య వచ్చేవాడు.

పోయిన ఫిబ్రవరిలో అతన్ని పూడ్చాం. అంత్యక్రియ మూడింటికి. ఫాదర్‌కి ఇంకో ఊళ్ళో కూడా ఒకటుంది. గడప దగ్గర నిలబడి వాచీ చూసుకుంటున్నారు. నేను ముందే వచ్చి మొదటి బల్ల మీద కూచున్నాను. మూడు కొట్టింది. శవపేటిక తెచ్చే బండి రాలేదు. మంచు రోడ్డు మీద ఎక్కడో చిక్కుకుందని తర్వాత తెలిసింది. ఫాదర్ "మొదలుపెడదామా?" అని నన్ను అడిగారు.

"ఇంకా మోగలేదు ఫాదర్" అన్నాను.

"మోగింది కదమ్మా."

"అది నాకు మోగింది."

నేను కట్టించిన మరుగుదొడ్ల పక్కనుంచి బండి మలుపు తిరిగింది. నా వాచీ ప్రకారం ఆ రోజు ఆ రెండు నిమిషాలు బాగానే సాగాయి. పైన గడియారం దగ్గర దువిలార్ ఉన్నాడు. సుత్తిని చేత్తో పట్టుకున్నాడా అని నేను ఇప్పటిదాకా అడగలేదు. శవపేటికను భుజాలకెత్తుకుని బర్నబె వాళ్ళు మెట్లెక్కారు. గడప దాటుతుండగా మొదటి దెబ్బ పడింది, లోపలికి వచ్చాక మూడోది.

కాజిమీర్ ఆలస్యం కాలేదు.